వేగయాత్రా కథనములును కోలారు సీమయు

యాత్రాచరిత్ర తెలుగువారికి క్రొత్త ప్రక్రియ కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. ఆ పదునైదున్నర మాసముల ప్రయాణమును వారు వ్రాసి పంపగా, మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో 'కాశీయాత్రచరిత్ర' యను పేర అచ్చువేయించిరి. నాటినుండి ఈ శాఖ పెరుగుచునే యున్నది. నాయని కృష్ణకుమారిగారి 'కాశ్మీర దీపకళిక'ను, కాలినడకను నమ్ముకొన్న మాచవరపు ఆదినారాయణగారి 'భ్రమణకాంక్ష'ను ఎఱుగని సాహిత్యప్రియులు అరుదు. ఒంటరిగా మోటారు సైకిలుపై సాగిన దూరప్రయాణమునకు మాత్రము వాని సరసను నిలువదగిన తెలుగు పుస్తకము ఇంకను మా కంటబడలేదు.

ఇది యాత్రికులు లేక కలిగిన కొఱత కాదు. ఆదివారమునాడు ప్రొద్దు పొడువకమునుపే 75వ జాతీయ రహదారిపై, హోసకోట దాటి నరసాపురమువైపు చూచినచో, పందెపు బండ్లను పోలిన మోటారు సైకిళ్లు దూసికొనిపోవుట కనబడును. కొన్ని కోలారులో దోసె తిని మరలిపోవును. కొన్ని ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా సముద్రమువఱకు పోవును. హైదరాబాదునుండియో విజయవాడనుండియో ఒక్కడే బయలుదేరి, కోలారు బంగారు గనులు చూచి, కన్యాకుమారిదాక పోయివచ్చు యువకులును కలరు. వారు ఊరకుండుట లేదు. పోయివచ్చిన దారిని గూర్చి వ్రాయుచున్నారు, చెప్పుచున్నారు, శిరస్త్రాణమునకు కెమెరా తగిలించుకొని దారిపొడవున మాటలాడుచున్నారు. ఇదియు సాహిత్యమేనా యని పెదవి విఱుచుట మాకు సమ్మతము కాదు. వీరాస్వామయ్యగారును మిత్రునకు విశేషములు తెలుపుటకే కలము పట్టిరి. కనుక ఈ కథనములను యాత్రాచరిత్రలుగానే యెంచి, మన కోలారు సీమను గీటురాయిగా పెట్టుకొని పరీక్షింపదలచితిమి. బంగారు పండిన సీమ గీటురాయిగా పనికిరాకపోదు.

మొదట బండి మాట. స్పోర్ట్సు బైకు అనునది కూర్చుండుటకు చేసిన బండి కాదు, వంగుటకు చేసిన బండి. చేతిపిడులు తక్కువ ఎత్తున నుండును. పాదములు మోపు కడ్డీలు వెనుకకును పైకిని జరిగియుండును. నడుము ముందునకు వాలి, దేహభారములో కొంత మణికట్టులపై పడును. ఊరి సందులలో మెల్లగా నడపినచో చేతులు నొచ్చును, ఇంజను వేడి తొడలకు తగులును. బయటి దారిలో గంటకు నూఱు కిలోమీటర్లు పోవునపుడు ఎదురుగాలియే ఱొమ్మునకు ఆనుదలయై మణికట్టుల బరువును కొంత తీర్చును. అనగా ఆగవద్దని బండియే తన్నెక్కినవానికి చెప్పుచుండును. ఆ వేగమున సెకనునకు 28 మీటర్ల దారి గడచిపోవును. ముళబాగిలినుండి కోలారు రమారమి ముప్పది కిలోమీటర్లు. అది పదునెనిమిది నిమిషముల పని. ఆ కొద్దిసేపటిలో కన్ను చూడదగినది దారి నడిమి గీత, ముందుపోవు లారీ వెనుక దీపము, అడ్డువచ్చు గొఱ్ఱెలమంద, అంతియే. అంతకు మించి చూచువాడు క్షేమముగా ఇల్లు చేరడు. కావున కొండను వర్ణింపలేదేమి, గుడిని వర్ణింపలేదేమి యని ఆ వేళకు వానిని నిందించుట అన్యాయము.

వేగమునే వస్తువుగా గైకొని మెప్పించినవారు లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధమున అరేబియా ఎడారిలో పేరుపొందిన టి. ఇ. లారెన్సు, పిమ్మట సామాన్య వైమానికుడుగా చేరి, బ్రఫ్ సుపీరియరు మోటారు సైకిళ్లపై మక్కువ పెంచుకొన్నాడు. 1935లో అట్టి బండిమీదనే ప్రమాదము జరిగి మరణించినాడు. 1955లో వెలువడిన అతని 'ది మింట్' గ్రంథమున, ఆకాశమున పోవు విమానముతో దారిపై పందెము వేసిన ప్రకరణము ఒకటి కలదు. అది కొన్ని పుటలే. కాని అందు దారిలోని ప్రతి గతుకును అతనికి తెలియును, పాఠకునకును తెలియును. వేరొకటియు గమనింపదగియున్నది. అంత వేగముగ పోయినవాడు తన కొట్టడిలోని సహచరుల కొఱకు తినుబండారములు కొని తెచ్చుచున్నాడు. ఆ చిన్న పనివలన పందెమునకు ఒక ఊరు, ఒక ఇల్లు ఏర్పడినవి. మన కథనములలో వేగముయొక్క అంకె యుండును గాని గతుకు ఉండదు. ఉదయము ఇన్ని గంటలకు బయలుదేరితిని, ఇన్ని లీటర్ల పెట్రోలు పట్టినది, ఇన్ని గంటలలో ఇన్ని కిలోమీటర్లు వచ్చితిని — ఇది చిట్టాయే గాని చరిత్ర కాదు.

ఇక ఒంటరితనము. పంచతంత్రము చివర ఒక కథ కలదు. కుమారుడు తోడులేక పయనమగుచుండగా తల్లి మనసొప్పక, ఒక యెండ్రకాయనైనను తోడిచ్చి పంపును. అతడు చెట్టునీడను నిద్రించుచుండగా ఆ యెండ్రకాయ పామును చంపి ప్రాణము కాపాడును. ఒంటరిప్రయాణము కూడదను మాటను మన పెద్దలు ఇంత అందముగా చెప్పియున్నారు. నేటి యాత్రికుని యెండ్రకాయ కెమెరా. ఆనాటిది నోరు మెదపలేదు, నేటిది యజమానిని నోరు మూయనీయదు. దారిలో లేనివారితో అంతసేపు మాటలాడి, దారిలో ఉన్నవారితో 'పెట్రోలు ఎక్కడ' యని మాత్రము అడుగువానిని ఒంటరివాడందుమా? మాకు సందేహము. ఒంటరితనము యాత్రికునకు ఒక లాభము నీయగలదు: తోడెవ్వరును లేనివాడు పరాయివానిని పలుకరింపక తప్పదు. ఆ లాభమునే వీరు దారిలో జారవిడుచుచున్నారు.

టెడ్ సైమన్ అను ఆంగ్ల పత్రికారచయిత 1973లో లండనునుండి 500 సీసీల ట్రయంఫు బండిపై ఒంటరిగా బయలుదేరి, నాలుగేండ్లు ప్రపంచము చుట్టి, 1979లో 'జూపిటర్స్ ట్రావెల్స్' ప్రకటించెను. మన దేశమున నొకరు చెప్పిన జోస్యమునుండియే ఆ గ్రంథమునకు పేరు వచ్చినది. అతని బండి స్పోర్ట్సు బైకు కాదు, పలుమారులు చెడిన బండి. అది చెడిన ప్రతిచోటను అతనికి మనుష్యులు దొరకిరి. మన యువకుల కథనములలోను మేము గమనించిన దిదియే. బండి చెడిన చోటనే కథనము బాగుపడుచున్నది. పంచరు పడినను, గొలుసు వదులైనను, పల్లెటూరి మెకానికు ముందర పలకమీద రెండు గంటలు కూర్చుండవలసివచ్చును. ఆ మెకానికు ఇట్టి బండిని ఎన్నడును విప్పియుండడు. పైతొడుగు తీయుటకే జంకును. పిల్లలు చుట్టు మూగుదురు. ఎవరో టీ తెచ్చియిత్తురు. అప్పుడు యాత్రికుని మాటలలో మొట్టమొదటిసారి ఒక మనిషి పేరు, ఒక వీధి, ఒక వాసన కనబడును. బండి బాగైన తోడనే అవి యన్నియు మాయమై, అంకెలు తిరిగి వచ్చును. స్త్రీల కథనములు కొంత మేలు. 1982లో లండనునుండి ఒంటరిగా భూప్రదక్షిణమునకు బయలుదేరిన ఎల్స్పెత్ బియర్డు మొదలు, రాత్రి ఎచట తలదాచుకొందుమను ప్రశ్న వారిని మనుష్యుల ముఖములు పరీక్షించి చూచునట్లు చేయుచున్నది.

ఇప్పుడు కోలారునకు వత్తము. చిత్తూరునుండి మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు దాటి, నంగలివద్ద కర్ణాటకము ప్రవేశించువాడు 'సరిహద్దు దాటితిని' అని తప్పక చెప్పును. బల్లలపై లిపి మారినది నిజమే. ఆగి ఒక టీకొట్టులో మాట కలిపినచో తెలుగు మారలేదని తెలియును. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, గనులూరిలో వానికి తోడు తమిళము. ఈ మూడు భాషల నడుమ పెరిగిన బిడ్డ ఒకే వాక్యములో మూడింటిని కలుపుట వినుటకే ఒక దినము ఆగవచ్చును. ముళబాగిలికి సమీపముననే ఆవని గుళ్లు, కురుడుమలె వినాయకుడు కలరు. కోలారు ప్రక్కన అంతరగంగలో రాతి బసవని నోటినుండి నీరు పడుచుండును. ఇవి కొన్ని కథనములలో కనబడుచున్నవి. వానినిగూర్చి మాకు పెద్దగా ఫిర్యాదు లేదు.

చెఱువుల విషయమున మాత్రము కలదు. 'అందమైన సరస్సు' అని నిండిన కోలారు చెఱువును చూపి సంతసించిన మాటలు మేము పెక్కుమారులు వింటిమి. ఏడాది పొడవున పాఱు నది యొక్కటియు లేని జిల్లా ఇది. వేయి అడుగులు దాటి బోర్లు త్రవ్వినను నీరు పడని పల్లెలు చూచిన జిల్లా. 2018నుండి కోరమంగల–చల్లఘట్ట లోయ పథకము క్రింద, బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి, గొట్టములద్వారా ఈ చెఱువులకు పంపుచున్నారు. భూగర్భజలము పెరిగినదని సంతోషించువారును, నీరు చాలినంతగా శుద్ధి కాలేదని భయపడువారును అదే గట్టున నున్నారు. శ్రీనివాసపురము మామిడితోట, కోలారు మార్కెట్టు టమాట ఈ వివాదముతో ముడిపడియున్నవి. సరస్సు అందమైనదే. కాని ఆ నీరెవరిదని అడుగని యాత్రికుడు అందమును గూడ సగమే చూచినాడు. వీరాస్వామయ్యగారు దిగిన ప్రతి మజిలీలోను నీటివసతిని, అంగళ్లను గూర్చి వ్రాసిరి. అది కవిత్వము కాదని మనము దాటవేయుదుము, కాని అట్టి వాక్యములవలననే వారి పుస్తకము రెండు శతాబ్దముల చేరువకు వచ్చినను నిలిచియున్నది.

బంగారు గనుల కడ పరీక్ష మరింత కఠినము. 2018లోను 2022లోను వచ్చిన 'కె.జి.ఎఫ్.' చలనచిత్రములు చూచి వచ్చువారే నేడు ఎక్కువ. సయనైడు దిబ్బ ఎక్కి, బండిని దాని ముందు నిలిపి, ఛాయాచిత్రము తీసికొని మరలుదురు. చిత్రకథ కల్పితము. దిబ్బ కల్పితము కాదు. రాతిని పొడిచేసి సయనైడుతో బంగారము తీయగా మిగిలిన కోట్ల టన్నుల ఇసుక అది. ఎండకాలపు గాలికి ఆ దుమ్ము ఇండ్లలోనికి వచ్చును. 1880లో జాన్ టేలరు కంపెనీవారు ఆరంభించిన త్రవ్వకము చాంపియన్ రీఫులో మూడు కిలోమీటర్ల లోతు దాటినది. 1902లో శివనసముద్రమునుండి 92 మైళ్ల తీగపై ఈ గనులకు విద్యుత్తు వచ్చినది. 1965లో ఇచ్చటి లోతునందే వాతావరణమునుండి పుట్టు న్యూట్రినోల జాడను శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. ఉపరితలముపై గంటకు నూఱు కిలోమీటర్లు పోవువానికి, క్రిందికి మూడు కిలోమీటర్లు దిగినవారి సంగతి చెప్పినచో వాని దూరపు లెక్క కొంచెము మారవలెను. ఆ దిగినవారిలో కొందఱు రాబర్టుసన్ పేటలో నేటికిని కలరు. అడిగినచో చెప్పుదురు.

అడుగవలసినవారు మఱియు కలరు. గనులు మూతపడిన పిదప ఆ యూరివారు వేలమంది మారికుప్పము రైలెక్కి బెంగళూరు పోయి, పనిచేసి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు. రానుపోను నూటయేబది కిలోమీటర్లకు పైమాట. వారమునకు ఆఱు దినములైనను తొమ్మిదివందల కిలోమీటర్లు. మన యాత్రికుడు ఘనముగా చెప్పుకొను దూరము వారికి వారపు కూలి. వానిని మేము చిన్నచేయుట లేదు. ఆ దూరము ప్రక్కన తన దూరమును పెట్టి చూచినచో వాని పుస్తకము పెద్దదగును. అటులనే నరసాపురములో 2013నుండి హోండావారి ద్విచక్రవాహనముల కర్మాగారము నడచుచున్నది. బండిని గూర్చి గంటసేపు మాటలాడువాడు, బండ్లు పుట్టుచోటి గోడ ప్రక్కనుండి పోవుచు మారుమాట లేక పోవుట మాకు వింత.

ఒకప్పుడు ఈ సీమలో గాజులమలారము మోసి ఇంటింటికి తిరిగినవాడు కైవారము నారాయణప్పగారు. కన్నడదేశమున నుండి తెలుగున శతకము, కీర్తనలు, కాలజ్ఞానము చెప్పిన యోగి. 2007లో జిల్లా విభజింపబడువఱకు కైవారము కోలారు జిల్లాలోనిదే. గాజులవాడు గుమ్మము దాటనిదే, చేయి పట్టి కొలత చూడనిదే వ్యాపారము సాగదు. తాతయ్యగారి పలుకులలోని మనుష్యపరిచయము ఆ తిరుగుడునుండి వచ్చినదని మా నమ్మకము.

భాషను గూర్చి ఒక్కమాట. ఈ కథనములలో ఇంగ్లీషు మాటలు హెచ్చని కొందఱు కినుక వహించుచున్నారు. క్లచ్చు, ప్లగ్గు, పంచరు, బ్రేకు మన వీధి మాటలైనవి. వానికి సంస్కృత సమాసములు కల్పింపబూనుట వ్యర్థము. లోపము నామవాచకములలో లేదు, క్రియలలో నున్నది. ప్రతి బండియు 'పోయినది', 'వచ్చినది', 'బాగున్నది'. కోలారు మెకానికు నోట వినవలెను: బండి ఎత్తుకొన్నది, ఈడ్చినది, ఉఱికినది, దగ్గినది, మొరాయించినది. ఎడ్లబండ్లనాటి క్రియలు ఇంజనుకు చక్కగా అమరినవి. యాత్రికుడు ఆ పలకమీద కూర్చుండిన రెండు గంటలలో అవి వాని చెవిని పడియేయుండును. వ్రాయునపుడు వానిని ఏల వదలివేయుచున్నాడో మాకు బోధపడకున్నది.