బందరు ఉప్పుగాలిలో కాంక్రీటు

సిమెంటు, నీరు కలిసినప్పుడు మొదలయ్యే రసాయన చర్యతో కాంక్రీటు గట్టిపడుతుంది. తేమ ముందే ఆరిపోతే ఆ చర్య సగంలో ఆగుతుంది. చలిదేశాల్లో 5 డిగ్రీల లోపు అది బాగా మందగిస్తుంది. పచ్చి కాంక్రీటులో నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి లోపల్నుంచి చీలుస్తుంది. అందుకే అక్కడ కొత్త పోతకు దుప్పట్లు కప్పుతారు. బందరు, గుడివాడ, దివిసీమల్లో ఆ బెడద లేదు. ఇక్కడ పేచీ అంతా ఎండతోనూ, ఉప్పుతోనూ.

ఎండకు విరుగుడు మేస్త్రీల చేతిలోనే ఉంది. స్లాబు పోసిన మర్నాడు దానిమీద బెత్తెడు గట్లు వేసి, చిన్న చిన్న మళ్ళు చేసి నీళ్ళు నిలుపుతారు. దూరం నుంచి చూస్తే నాట్లకు దమ్ము చేసిన చేనే. స్తంభాలకు తడి గోనెసంచులు చుడతారు.

అయితే ఆ నీళ్ళు ఎక్కడివన్నది అసలు ప్రశ్న. సముద్రం దాపున బోరు వేస్తే తరచు ఉప్పునీరే పడుతుంది. కాలవ నీరో చెరువు నీరో తేవాలి. ఐ.ఎస్. 456 ప్రమాణం ఇనుములేని కాంక్రీటుకు లీటరు నీటిలో 2000 మిల్లీగ్రాముల క్లోరైడును ఒప్పుకుంటుంది, చువ్వలున్న కాంక్రీటుకు 500 దగ్గరే ఆపుతుంది. ఉప్పు దెబ్బ ముఖ్యంగా ఇనుముకేనని ఈ తేడాయే చెబుతుంది. సిమెంటు క్షారగుణం చువ్వ చుట్టూ పల్చటి రక్షణపొర నిలుపుతుంది. క్లోరైడు ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు చోటు ఆక్రమించి, స్లాబు అడుగున పెచ్చులు రాలుస్తుంది. చలిదేశాల్లో మంచు చేసే పని ఇక్కడ తుప్పు చేస్తుందన్నమాట.

కాబట్టి చువ్వకూ బయటి గాలికీ మధ్య తగినంత కాంక్రీటు మందం, అంటే కవరు, ఉండాలి. తీరప్రాంతానికి కనీసం 45 మిల్లీమీటర్ల కవరు, ఎం30 గ్రేడు కాంక్రీటు కావాలి. సముద్రపు తుంపర తగిలేచోట 50, ఎం35. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ తీరంలో కట్టిన తుపాను షెల్టర్లకు ఇది ప్రాణంతో ముడిపడిన లెక్క. కవరు బ్లాకు బదులు చువ్వ కింద చేతికందిన కంకరరాయి దోపడం మాత్రం ఇంకా పోలేదు.

డచ్చివారి కాలంనాటి కట్టడాల శిథిలాలు బందరు కోటలో ఇంకా ఉన్నాయి. పాతకాలపు సున్నపు గోడల బలం ఇటుకదీ, సున్నానిదీ. చువ్వల అల్లిక ఉండేది కాదు, కాబట్టి తుప్పు బెడదా లేదు. ఎద్దు తిప్పే గానుగలో సున్నం, ఇసుక నూరేవారు. చాలాచోట్ల దోరగా కాల్చిన ఇటుకపొడి కూడా చేర్చేవారు. ఆ పొడిలోని సిలికా సున్నంతో కలిసి నీటికి తట్టుకునే బంధం ఏర్పరుస్తుంది. ఈనాటి సిమెంటులో కలిపే థర్మల్ కేంద్రాల బూడిద చేసేదీ అదే: సిమెంటు విడిచిన సున్నాన్ని పట్టుకుని రంధ్రాలను పూడుస్తుంది, క్లోరైడు దారి ఇరుకవుతుంది. కాకపోతే బూడిద సిమెంటు మెల్లగా బలం పుంజుకుంటుంది. మామూలు సిమెంటుకు 7 రోజుల తడి కనీసమైతే, దీనికి 10. 14 రోజులైతే మేలు. ఎండ దంచే వేసవిలో మామూలు సిమెంటుకైనా 10కి తగ్గకూడదు.