ఎఱుక, చిలుక, యంత్రము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు కర్ణాటక రాష్ట్రములో నున్నను అచ్చటి ఇండ్లలోని మాట చాలవఱకు తెలుగే. భవిష్యత్తును గూర్చిన మాట ఆ జనులకు రెండు విధముల పరిచితము. మొదటిది చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారేయణ తాతయ్య కాలజ్ఞానము. గాజులమ్మి జీవించిన ఆ మహనీయుడు తెలుగునను కన్నడమునను రచించెను. ఆయన కాలజ్ఞానము రాబోవు కాలమును గూర్చి లోకమున కంతటికి చెప్పినదే కాని, ఒకానొకని పెండ్లి యెప్పుడగునని యడిగిన బదులు చెప్పునది కాదు. రెండవది సంతలలోని చిలుక జోస్యము. ఇది ఒక్కని ప్రశ్నకు ఒక్క చీటీ. 1980 తరువాత ఇంటి గణకయంత్రములపై ఔత్సాహికులు వ్రాసికొన్న టారో జోస్యపు ప్రోగ్రాములు ఈ రెండవ జాతికి చెందినవి. వానిని తూచవలసినదియు ఈ త్రాసుననే.

టారో పేక 15వ శతాబ్దమున ఉత్తర ఇటలీలో ఆటకొఱకు పుట్టినది. జోస్యమునకు అది ప్రసిద్ధమైనది 18వ శతాబ్దపు ఫ్రాన్సులో. దానియందు 78 ముక్కలు: పెద్దవి 22, చిన్నవి 56. చిలుక చీటీలు సాధారణముగ 27, నక్షత్రముల లెక్క.

1982లో ఇంగ్లండున వెలువడిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ యంత్రము ఇట్టి ప్రోగ్రాములకు మంచి నిదర్శనము. పుణెలోని డెసిబెల్స్ సంస్థ దానిని మన దేశమునను తయారుచేసి యమ్మినది. 48 కిలోబైట్ల యంత్రములో బేసిక్ భాషలో వ్రాయువానికి మిగులు చోటు సుమారు 41 వేల అక్షరములు. ముక్క నిలువుగ పడిన ఒక ఫలము, తలక్రిందుగ పడిన వేఱొకటి చెప్పవలెనన్న మొత్తము 156 ఫలములు. ప్రోగ్రాము పంక్తులకు కొంత పోగా ఒక్కొక్క ఫలమునకు మిగులునది రెండువందల అక్షరములకు పైచిలుకు మాత్రమే. కావున ధననష్టము, మిత్రలాభము, ప్రయాణము అను పంచాంగపు ముక్తసరి ధోరణి తప్పదు. ఆ క్లుప్తతను రచయిత లోపముగ నెంచుట న్యాయము కాదు.

అసలు పరీక్ష ముక్కను తీయుటలో నున్నది. యంత్రమునకు యాదృచ్ఛికత తెలియదు. స్పెక్ట్రమ్ తన వద్దనున్న సంఖ్యకు ఒకటి కలిపి, 75 చేత గుణించి, 65,537 చేత భాగించి, శేషమునుండి ఒకటి తీసివేసి క్రొత్త సంఖ్యను పొందును. యంత్రమును వెలిగించునప్పటికి మూలసంఖ్య సున్న. కావున మొదటి సంఖ్య 74, రెండవది 5,624. వీనిని 65,536 చేత భాగించి, 78 చేత గుణించి, భిన్నమును వదలివేసినచో మొదట 0, పిదప 6 వచ్చును. పెద్ద ముక్కలను వాడుకలోనున్న క్రమమున పేర్చినచో 0 వెఱ్ఱివాడు, 6 ప్రేమికులు. ప్రోగ్రాము వ్రాసినవాడు ‘రాండమైజ్’ అను ఆజ్ఞను మఱచెనా, లండనులో వెలిగించినను చింతామణిలో వెలిగించినను మొదటి పృచ్ఛకునికి వెఱ్ఱివాడే, వాని ప్రక్కన ప్రేమికులే! (కొందఱి విషయమున ఆ జోస్యము తప్పకపోవచ్చును.) ఆజ్ఞ నిచ్చినచో యంత్రము, వెలిగినది మొదలు సెకనుకు 50 చొప్పున తాను లెక్కించుకొనుచున్న సంఖ్యను చూచి ఆరంభించును. అందు వాడబడు భాగము సుమారు 21 నిమిషముల 51 సెకనులకు మరల సున్నకు వచ్చును.

ఇంతమాత్రమున యంత్రజోస్యము మోసమనియు చిలుకజోస్యము సత్యమనియు ననరాదు. చిలుకకు మాత్రము ఏమి తెలియును? అది గింజకొఱకు ముక్కుతో చీటీ లాగును. విద్య యంతయు చదువువాని నోటిలో నున్నది. అతడు వచ్చినవాని ముఖమును, చెప్పులను, వెంటనున్నవారిని చూచును, పేరడుగును, అదే చీటీని పెండ్లికూతునకొక తీరున, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికొక తీరున చదువును. తెలుగు యక్షగానములలోని ఎఱుకత ఘట్టములకు ప్రాణమిదియే. శ్రీనివాసుడు ఎఱుకలసాని వేషమున పద్మావతి తల్లి ధరణీదేవికి ఎఱుక చెప్పిన కథలో చెప్పువాడే వరుడు. ఫలము ముందే యెఱిగినవాడు. శ్రోతలకును అది తెలియును. అయినను ఆ ఘట్టము విసుగు పుట్టింపదు. అడుగువారి ఆర్తికి మాట వంగుటయే అందలి రసము. యంత్రము వ్రాసిపెట్టిన ఫలమునే విధవకును వధువునకును అక్షరము మారకుండ చూపును. ఈ ప్రోగ్రాముల ముఖ్యమైన కొఱత ఇది. గణితమునకు సంబంధించినది కాదు.

సరిహద్దు ప్రాంతమున ఈ కొఱత మఱింత యెక్కువ. అచ్చటి చదువరి ఇంట తెలుగు, బడిలో కన్నడము నేర్చినవాడు. ఎదుటివానిని బట్టి భాష మార్చుట జోస్యునికి వృత్తిధర్మము. స్పెక్ట్రమ్ తనంతట ఎఱుగునది ఆంగ్లలిపి. వాడువాడు స్వయముగ గీసికొనగల ఆకారములు 21. ఒక్కొక్కటి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు గల తెలుగునకు అవి ఏ మూలకు? బాగేపల్లిని భాగ్యనగరముగ మార్చుటకు కర్ణాటక మంత్రివర్గము 2025లో నిశ్చయించినది. ఆ ఒక్క పేరులోని ‘గ్య’ను చదువదగినట్లు గీయుటకే ఒకటి రెండు గడులు ఖర్చగును.

చిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. చిలుకకు బదులు యంత్రము చీటీ తీసిన అభ్యంతరమేమియు లేదు. చదువుటను మాత్రము మనుష్యునికి విడువవలెను. ఈ జాతి ప్రోగ్రాములలో మేలైనది, ప్రశ్నను మనస్సున తలచికొని ఒక మీట నొక్కుమని అడిగి, నొక్కిన తరువాతనే ‘రాండమైజ్’ ఆజ్ఞ నిచ్చునది. అప్పుడు ఏ ముక్క పడవలెనో నిర్ణయించునది సెకనులో యేబదియవ వంతున పృచ్ఛకుని వ్రేలు.