‘అమాయక గిరిజనులు’ అన్నదెవరు?

సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవలను తరగతి గదిలో చదవడం మంచిదే. అయితే పాఠ్యప్రణాళికలో చోటు దొరికినంత మాత్రాన వివక్ష పోతుందా?

విద్యార్థుల జవాబుల్లో, కొందరు అధ్యాపకుల ఉపన్యాసాల్లో ‘అమాయక గిరిజనులు’ అనే మాట నాకు తరచూ ఎదురవుతుంది. అది సానుభూతితో అన్న మాటే. కాని అది చేసే పని వేరు. భూమి పోవడానికి కారణం పోగొట్టుకున్నవాడి తెలివితక్కువతనమేనని సూచిస్తుంది. షావుకారు వడ్డీ, పట్టా, పోలీసు చాటుకు పోతాయి. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల చేతిలో మరణించిన భీం అమాయకుడా? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులకు గురైన గోండులు తమ భూమి ఎట్లా పోయిందో తెలియని వాళ్లా? ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ చెబుతున్నది. ఈ చట్టాన్ని పక్కన పెట్టుకుని నవల చదివితే, దోపిడీకి గురైనవాడి ‘అమాయకత్వం’ గురించి కాక దోపిడీ చేసినవాడి గురించి మాట్లాడక తప్పదు.

మన దగ్గర జాతి వివక్ష ఎక్కడిది అనేవాళ్లున్నారు. పేరేదైనా పద్ధతి ఒకటే: ఒకరు ఎప్పుడూ వర్ణించేవారు, ఇంకొకరు ఎప్పుడూ వర్ణనకు వస్తువు. తరగతిలో ఉన్న ఒక్క ఆదివాసీ విద్యార్థి వైపు తిరిగి “మీ దగ్గర ఇట్లనే ఉంటదా?” అని అడగడం ఆ పద్ధతిలో భాగమే. అతడు చదువుకోవడానికి వచ్చాడు, తన జాతి తరఫున సాక్ష్యం చెప్పడానికి కాదు.

భాష విషయమూ అంతే. గోండిని లిపిలేని యాసగా కొట్టిపారేయడం ఇంకా వినిపిస్తుంది. 1943లోనే మార్లవాయిలో హైమండార్ఫ్ చొరవతో గోండిలో చదువు మొదలైంది. 2006లో గుంజాలలో గోండి లిపి రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. తెలంగాణ మాటను వెక్కిరించారని న్యాయంగానే ఆగ్రహించిన కరీంనగర్ మేధావులు, ఆదిలాబాద్ విద్యార్థి తెలుగులో గోండి ఉచ్చారణ విని నవ్వితే ఆ ఆగ్రహానికి అర్థమేమిటి?

1968లో నైరోబీ విశ్వవిద్యాలయంలో గూగీ, ఆయన సహచరులు అడిగింది ఇంగ్లీషు శాఖలో ఒక ఆఫ్రికా పుస్తకం చేర్చమని కాదు, ఆ శాఖనే రద్దుచేసి ఆఫ్రికాను కేంద్రంగా పెట్టమని. మన తెలుగు శాఖలు ఇంకా పుస్తకం చేర్చే దగ్గరే ఆగి ఉన్నాయి. పరీక్షలో ‘గిరిజనుల జీవన చిత్రణ’ రాయమనే ప్రశ్నకు బదులు, ఈ నవలలో భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ కాగితంతో పోయిందో రాయమని అడిగి చూడండి. అప్పుడు జవాబు వెతుక్కోవలసిన బాధ్యత భూమి కొన్నవాళ్ల పిల్లల మీద కూడా పడుతుంది.