చైనుకొక చుక్క

మా తాతగారి యెడ్లబండి యిరుసునకు కందెన పెట్టుట నా చిన్ననాట నేను తదేకముగా చూచిన పనులలో నొకటి. గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి నూఱిన నల్లని ముద్దను వెదురుగొట్టములో నింపి బండిక్రింద వ్రేలాడదీసి, దూరప్రయాణమునకు ముందు చక్రమును ఊడదీసి యిరుసునకు దట్టముగా పూసినగాని వారు ఎడ్లను కట్టెడివారు కారు. కందెన యెంత దట్టమైన చక్రమంత సుఖముగా తిరుగునను విశ్వాసము నాయందు అట్లు నాటుకొనినది. ఆ విశ్వాసముతోనే, అనంతపురమున ఉపాధ్యాయుడనై చేరి సైకిలు కొనుక్కొన్న మొదటి యేడు, దాని చైనుకు వారమున కొకసారి ఆముదము పోసి, అదియు చాలదని గ్రీజు పామి, పెడలు త్రొక్కినప్పుడెల్ల వినవచ్చు కరకర ధ్వనికి మఱికొంత గ్రీజే మందని తలచితిని.

ఏడాది తిరుగకమునుపే చైను వదులై పళ్ళచక్రముమీదినుండి జాఱసాగెను. సైకిలు షాపులోని వృద్ధుడైన మేస్త్రీ దానిని విప్పి, పైనున్న జిడ్డును కొంచెము గీకి నా అరచేతిలో నుంచి, వ్రేళ్ళతో నలిపి చూడుమనెను. నలిపితిని, ఇసుక గఱగఱలాడెను. "ఇది నూనె కాదయివారూ, మన్ను. సాన పట్టే మన్ను పూసుకొని తొక్కతా ఉండారు. చైనుకు లోపలికి పొయ్యే నూనె కావల్ల, పైన నిలిచేది కాదు" అని ఆయన యొక్క మాటతో నా పదేండ్ల విశ్వాసమును సరిదిద్దెను.

చైను నిర్మాణము నెఱిగినచో ఆ మాట యెంత నిజమో తెలియును. 1880లో మాంచెస్టరు నగరమున హాన్స్ రెనోల్డ్ అను స్విట్జర్లాండు దేశీయుడు పేటెంటు పొందిన బుష్ రోలరు చైనే మన పాతకాలపు సైకిలు చైనునకు మూలము. అర అంగుళమున కొక పిన్ను, పిన్ను చుట్టును బుష్షు అను సన్నని గొట్టము, ఆ గొట్టముపై దొరలు రోలరు. చైను పళ్ళచక్రము నెక్కునప్పుడును దిగునప్పుడును ప్రతి పిన్నును తన బుష్షులో కొంచెము మెదలి రాచుకొనును. చైనును తినివేయు ఒరపిడి ముఖ్యముగా కంటికి కానరాని యా సందులోనిదే. చైను సాగినదని వాడుకగా అందుము గాని, సాగినది ఇనుము కాదు. పిన్నులును బుష్షులును అరుగగా, నూటికి పైబడిన యా సందుల యరుగుదల యంతయు కూడి పొడవై కనబడును. పిన్ను నడిమినుండి పిన్ను నడిమికి కొలిచిన 24 లంకెలు సరిగా 12 అంగుళములుండవలెను. అంగుళమున 8వ వంతు పెరిగినచో చైను మార్చక తప్పదు, మార్చకున్న అది పళ్ళను కూడ అరుగదీయును.

బండి యిరుసు వెడల్పైనది, మెల్లగా తిరుగునది, గొప్ప బరువు మోయునది. దానికి చిక్కని కందెనయే తగును, మా తాతగారు తప్పు చేయలేదు. చైను సందు అట్టిది కాదు. దీపపు వత్తి నూనెను పీల్చుకొన్నట్లు ఆ సందు తనంత తాను పీల్చుకొనగల పలుచని నూనె దానికి కావలెను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే గల అనంతపురమువంటి చోట చైనుకు ప్రథమశత్రువు ధూళి. అచ్చట కుట్టుమిషను నూనెను మించినది నేను వాడి యెఱుగను. తరువాత నాకు బందరునకు బదిలీ అయినది. సముద్రపు టుప్పుగాలియు, వర్షాకాలపు బురదయు కలిసి, ఆ పలుచని నూనె నాలుగు దినములకే కడుగుకొనిపోగా చైనుపై ఎఱ్ఱని త్రుప్పు పేరుకొనుట చూచి, అచ్చట కొంచెము చిక్కనిదైన క్రొత్త ఇంజను నూనెకు మాఱితిని. ఊరు మాఱినప్పుడు నూనెయు మాఱవలెనని చెప్పినవారు లేరు, చైనే చెప్పినది.

క్రొత్తది అని నొక్కి చెప్పుచున్నాను. మోటారు షాపులలో ఉచితముగా దొరకు వాడిన నూనెలో ఆ యింజను అరిగిన లోహపు రజనును మసియు నుండును. ఉచితమని దానిని పోయుట చైనుకు ద్రోహము. వంటింటి నువ్వుల నూనెయు వేరుసెనగ నూనెయు మొదట చక్కగా ప్రాకినను, గాలి సోకి కొన్నాళ్ళకు బంకవలె గట్టిపడి లంకెలను బిగించివేయును. కరగిన మైనములో చైనును ముంచువారును కలరు. పొడినేలపై అది శుభ్రమైన పద్ధతియే, కాని ముందుగా చైనున నూనె లేశమైనను లేకుండ కడుగవలెను, మైనమును నేరుగా మంటపై గాక వేడినీటి గిన్నెలో నుంచి కరగింపవలెను. అంత యోపిక నాకు లేకపోయినది.

ఓవర్‌హాలింగను మాటను మన షాపులవారు ఓవరాయిలింగుగా మార్చుకొనిరి. మాట ముచ్చటగానే యున్నది గాని, ఆ పనిలో నూనె పోయుటకంటె కడుగుటయే పెద్దది. కిరసనాయిలులో కుంచెతో తోమి, గుడ్డతో తుడిచి, బాగుగా ఆఱిన పిదపనే, పెడలు వెనుకకు త్రిప్పుచు రోలరున కొక్క చుక్క చొప్పున వేసి, ఒక రాత్రి విడిచి, తెల్లవాఱి పైనున్న నూనెను చేతి కంటనంతగా తుడిచివేయవలెను. తుడుచుట కొందఱికి వ్యర్థముగా తోచును; నాకును తొలుత అట్లే తోచినది. కాని పని చేయవలసిన నూనె అప్పటికే లోపలికి పోయినది. మిగిలినది ధూళిని పిలుచుట కొఱకే మిగిలినది.

ఈ వారము ఒక తెల్లని గుడ్డతో మీ సైకిలు చైనును పట్టుకొని పెడలు ఒక్కసారి వెనుకకు త్రిప్పి చూడుడు. గుడ్డపై పడిన మసిని వ్రేళ్ళతో నలుపుడు; ఇసుక తగిలినచో ఆనాడు నూనెసీసా తెఱవక, ముందు కిరసనాయిలు తెప్పించుడు.