కొర్రమీనుకు తోడు చూసిపెట్టే మనిషి

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను మనకు కూరగానే పరిచయం. దాన్ని అద్దాల తొట్టిలో పెంచాలనుకునేవాళ్లూ ఉన్నారు. దాని పక్కన ఏ చేపను వేయాలో సరిగ్గా చెప్పగల అక్వేరియం దుకాణదారు పనితనాన్ని మాత్రం ఎవరూ మెచ్చుకోరు.

పని తెలిసినవాడు ముందు నోరు చూస్తాడు, పొడవు తర్వాత. ఆ నోట్లో పట్టేదంతా కొర్రమీనుకు మేతే. బొమ్మిడాయి జానెడు పొడవుందని మనం మురిసిపోతే అతను తల అడ్డంగా ఊపుతాడు. సన్నటి ఒళ్లు ఎంత పొడవైనా తాడులా గొంతు దిగిపోతుంది. జెల్లనైతే అసలే వద్దంటాడు. మింగబోతే దాని రెక్కల ముళ్లు నిక్కబొడుచుకుని గొంతులో ఇరుక్కుంటాయి, రెండు చేపలూ పోతాయి. ఒళ్లు ఎత్తుగా ఉండి చురుగ్గా ఈదేదైతే కాస్త ఆలోచిస్తాడు. "ఇప్పుడు సరిపోతుంది సార్, కానీ కొర్రమీను ఇంకా ఎదుగుతుంది" అని అప్పుడూ ఒక మెలిక పెడతాడు. బేరం పోతుందని తెలిసీ ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

తొట్టి నిండా నీళ్లు పోయనివ్వడు. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చాలి, అది అందకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మూత వదులైతే ఎగిరి నేలమీద పడుతుంది. ఇక పిల్లల్ని కాచుకునే జంట దగ్గర ఏ తోడూ నిలవదు.

"దీన్ని ఒంటరిగానే ఉంచండి" అనే దుకాణదారు దొరికితే, మేత కూడా అక్కడే కొనండి.