బారసాలకు ఓ లేసు టోపీ

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో వంటపని ముగించుకుని అరుగుల మీద చేరే ఆడవాళ్ల చేతుల్లో కొసన చిన్న కొక్కెం ఉన్న సూది, నూలు దారపు ఉండ కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే అనే ఈ లేసు అల్లిక గోదావరి డెల్టాలో ఇంటింటి పనిగా స్థిరపడింది. టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు ఇక్కడి నుంచి విదేశాలకు వెళ్తుంటాయి. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా దక్కింది. పసిబిడ్డల టోపీలు, మేజోళ్లు, దుప్పట్లు అల్లేదీ ఈ సూదితోనే. బారసాలకు ప్లాస్టిక్ బొమ్మల పెట్టె పట్టుకెళ్లేవారికి మాత్రం ఇవి అంతగా గుర్తుకు రావు.

క్రోషేలో సూది మీద నిలిచేది సాధారణంగా ఒక్క ఉచ్చే. రెండు సూదుల ఊలు అల్లికలో వరుస మొత్తం సూది మీదే ఉంటుంది, ఒక్కటి జారినా కింది వరకూ విడిపోతుంది. ఇక్కడ ఆ భయం లేదు. తప్పు పోయిన చోటు వరకు దారం లాగేసి, మళ్లీ అల్లుకోవచ్చు. గొలుసు కుట్టు, సింగిల్ క్రోషే, డబుల్ క్రోషే కుట్లు చేతికొస్తే చిన్న టోపీకి సరిపోయే విద్య వచ్చినట్టే. స్వెట్టర్లు అల్లే మరలు బజారులో ఉన్నాయి గానీ, అసలైన క్రోషే ఇప్పటికీ చేత్తోనే తయారవుతుంది.

టోపీ అల్లడంలో కొంచెం లెక్క ఉంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. దాన్ని 3.14తో భాగిస్తే 11 వస్తుంది. అల్లిక సాగుతుంది కాబట్టి నడినెత్తిన 10 సెంటీమీటర్ల వెడల్పు చక్రం చాలు. సింగిల్ క్రోషేలో ఆ చక్రం 6 కుట్లతో మొదలై వరుసకు 6 చొప్పున పెరుగుతుంది: 12, 18, 24... పెంచడం మరిస్తే ముందే గిన్నెలా ముడుచుకుంటుంది, మరీ పెంచితే అంచు కుచ్చిళ్లు పడుతుంది. కొలత చేరగానే పెంచడం ఆపి అల్లుకుంటూ పోతే అంచు దానంతటదే కిందికి దిగుతుంది.

దారం ఎంపిక అంతకన్నా ముఖ్యం. మన ఉక్కపోతకు మెత్తటి నూలే మేలు. చెమట పీలుస్తుంది, పదేపదే ఉతికినా ఆగుతుంది. నూగు రాలే ఊలైతే ఆ నూగు బిడ్డ నోట్లోకి పోతుంది. పెద్ద పెద్ద రంధ్రాల డిజైన్ చూడ్డానికి బాగున్నా, అందులో చిట్టి వేళ్లు ఇరుక్కుంటాయి. పూసలు, బొత్తాలు, మెడకు కట్టే రిబ్బన్లు అసలే వద్దు.

డెన్మార్క్‌లో 2013లో మొదలైన ఒక ప్రయత్నం ఈ జాగ్రత్తలకు మంచి ఉదాహరణ. నెలలు నిండక పుట్టిన బిడ్డల కోసం స్వచ్ఛంద సేవకులు నూలుతో ఆక్టోపస్ బొమ్మలు అల్లి ఆస్పత్రులకు ఇచ్చారు. బొమ్మ కాళ్లు సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటకూడదని, 60 డిగ్రీల వేడినీటి ఉతుకుకు తట్టుకోవాలని నియమం పెట్టుకున్నారు. ఆ కాళ్లను పట్టుకుంటే బిడ్డకు బొడ్డుతాడు పట్టుకున్నట్టు ఉంటుందన్న మాట బాగా ప్రచారమైంది గానీ, వైద్యపరంగా గట్టి రుజువు లేదు. బొమ్మ తయారీలోని క్రమశిక్షణ మాత్రం నేర్చుకోదగ్గది.

వాడకంలోనూ మెలకువ కావాలి. పుట్టిన తొలి గంటల్లో ఒంటి వెచ్చదనం తగ్గకుండా టోపీ పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంటికొచ్చాక నిద్రపుచ్చేటప్పుడు మాత్రం టోపీ తీసేయాలి. ఏడాది లోపు బిడ్డ పక్కలో వదులు దుప్పటి, మెత్తటి బొమ్మ ఉంచకూడదని పిల్లల వైద్యుల సలహా. అల్లిన దుప్పటి బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరవడానికి భేషుగ్గా పనికొస్తుంది.

ఇక ధర. నర్సాపురం లేసు పనివాళ్ల మీద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకం, ఇంట్లో కూర్చుని చేసే ఈ పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టి కూలి తగ్గించేస్తున్నారని చూపించింది. అల్లడం వచ్చినవారు మూడు నెలల బిడ్డకు పట్టే కొలతతో అల్లండి, కొన్నాళ్లు వాడతారు. రానివారు, కష్టానికి తగ్గ కూలి దక్కేలా, అల్లేవారి దగ్గరే నేరుగా కొనండి. బేరమాడే ముందు, అది ఎన్ని గంటల పనో ఒక్కసారి అడగండి.