చిత్రకళాబోధనలో బొమ్మలు గీసే యంత్రాలు

నాలుగు మాటలు చెబితే చాలు, క్షణాలలో రంగుల బొమ్మను అందించే యంత్రాలు 2022 నుండి సామాన్యులకు కూడ అందుబాటులోకి వచ్చాయి. దీనితో విశ్వవిద్యాలయాలలోని చిత్రకళాశాఖలకు ఒక చిక్కు వచ్చిపడింది. విద్యార్థి ఈ యంత్రాన్ని వాడవచ్చునా, కూడదా? జవాబు చెప్పే ముందు, అర్ధశతాబ్దం కిందటే కంప్యూటరుచేత బొమ్మలు గీయించిన ఒక ఆచార్యుని కృషిని పరిశీలించటం మంచిది.

హెరాల్డ్ కోహెన్ (1928-2016) బ్రిటనులో పేరుపొందిన చిత్రకారుడు. 1968లో అమెరికా వెళ్ళి, సాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడ కంప్యూటరుకు ఆదేశాలు వ్రాయటం నేర్చుకొన్నాడు. అతడు నిర్మించిన ‘ఆరన్’ 1970ల నుండి బొమ్మలు గీసింది. దానికి అతడు ఒక్క చిత్రమైనా చూపలేదు. మూసిన గీత ఏది, తెరచిన గీత ఏది, ఒక ఆకారం వెనుక మరొకటి ఉంటే ఎంతవరకు గీయాలి అనే నియమాలనే చెప్పాడు. 1980లలో మనిషి అవయవాల పొందికను, మొక్కలు కొమ్మలు వేసే తీరును కూడ నేర్పాడు. ఒక్కొక్క నియమం వ్రాసే ముందు అతడు తన్ను తాను ప్రశ్నించుకోవలసి వచ్చింది: కాగితం మీది గీతలు చూపరులకు బొమ్మగా తోచాలంటే కనీసం ఏముండాలి? ఈ విధంగా యంత్రానికి నేర్పబోయి గురువే నేర్చుకొన్నాడు.

నేటి యంత్రాలలో చాలవాటి పద్ధతి వేరు. అవి కోట్లకొలది బొమ్మలను, వాటిని వర్ణించే మాటలతో సహా పరిశీలిస్తాయి. 2022లో వెలువడిన ఒక సంకలనంలోనే ఇటువంటి జంటలు సుమారు 585 కోట్లు ఉన్నాయి. బొమ్మమీద ఇసుక చల్లినట్లు చుక్కలు కలిపి చెరిపి, ఆ చుక్కలను తొలగించటం యంత్రానికి అలవాటు చేస్తారు. తరువాత అది వట్టి చుక్కలతో మొదలుపెట్టి, మనం ఇచ్చిన మాటలకు అనుగుణంగా వాటిని కొద్దికొద్దిగా తొలగిస్తూ కొత్త బొమ్మను తీస్తుంది. చేతికి అయిదు వేళ్ళే అన్న నియమం దానికెవరూ చెప్పలేదు. లక్షల చేతులను చూచికూడ తొలి రోజులలో అది తరచు ఆరు వేళ్ళు గీయటానికి ఇదొక కారణం.

ఆరన్‌కు లోపాలు లేకపోలేదు. గురువు నేర్పనిది దానికి రాదు. నేటి యంత్రమో, అడిగినదెల్ల గీస్తుంది. ఒకే దృశ్యాన్ని పది విధాలుగా కూర్చి, పోల్చి చూపటానికి అది అధ్యాపకునికి ఉపయోగమే. కాని ఆ నేర్పు ఇతరుల చిత్రాల నుండి గ్రహించినది. తమ అనుమతి లేకుండ తమ చిత్రాలను వాడుకొన్నారని 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు దావా వేశారు. ఈ సంగతిని కూడ తరగతిలో చెప్పటం ధర్మం.

అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. గీత ఎక్కడ ఆగాలి, నీడ ఎటు పడాలి అని విద్యార్థి తేల్చుకోవలసిన చోటనే యంత్రం అతనికి బదులు తేల్చివేస్తుంది. బొమ్మ చేతికి వస్తుంది; చూడటం మాత్రం అలవడదు.

కనుక యంత్రాన్ని నిషేధించనక్కరలేదు. పాఠంలో దాని స్థానాన్ని మార్చాలి. యంత్రం గీసిన చేతిని బల్లమీద పెట్టి, విద్యార్థిని తన ఎడమచేతిని చూచి గీయమనాలి. కీలు ఎక్కడ వంగింది, నీడ ఏ వైపున ఉంది, యంత్రం ఎక్కడ పొరబడింది అని వ్రాయించాలి. మార్కులు పూర్తయిన బొమ్మకు కాక, చిత్తు గీతలకు, చెప్పిన కారణాలకు ఇవ్వాలి. ఈ అభ్యాసం ఉన్నత పాఠశాలలోని డ్రాయింగు తరగతిలోకూడ చేయించవచ్చు. దానికి ఒక అచ్చుబొమ్మ, ఒక పెన్సిలు, విద్యార్థి చేయి ఉంటే చాలు.